సాక్ష్యం చెప్పేశాక లేజరు

నా జబ్బుకు ఒక పేరుందని పదకొండేళ్ల దాకా నాకు తెలియదు. సెగ్గడ్డలనే అనుకున్నాం. ఎండాకాలం వస్తే ఆళ్లగడ్డలో సెగ్గడ్డ లేవని మనిషి ఉండడు. ఒకరికి మెడ మీద, ఒకరికి తొడ మీద. నాకు చంకల్లో లేచేవి. అందరికీ మామిడికాయల కాలంతో పాటే పోయేవి, నాకు మాత్రం పోయేవి కావు. ఒకటి పగిలి ఆరేలోపు దాని పక్కనే ఇంకొకటి లేచేది. చలికాలంలో కూడా లేచేది.

చోటు సిగ్గుపడే చోటు కాబట్టి ఈ జబ్బు ఉన్నవాళ్లు బయటికి చెప్పుకోరు. నేనూ చెప్పుకోలేదు. చెప్పుకోనందువల్ల నాకు ఖర్చు తగ్గలేదు, పెరిగింది. ఇప్పుడు కాస్త తెరిపిగా ఉన్నాను కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఆయన ఏలియా బేల్దారి, ఇళ్ల గోడలు కడతాడు. నేను సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతాను. ఇంట్లో మా ఇద్దరితో పాటు మా అత్త సారమ్మ ఉంటుంది. బడిలో నాతో కలిసి వండే ఆమె మస్తాన్‌బీ. నాకన్నా పెద్దది, అక్కా అని పిలుస్తాను. ఈ కథలో నాకు కావలసినవాళ్లు ఇంతే.

గడ్డ లేచే ముందు లోపల కందిగింజంత ఏదో కదిలినట్టు ఉండేది. తర్వాత అది రేగిపండంత అయ్యేది. అప్పటి నుంచి చెయ్యి ఒంటికి ఆనించలేను, ఎత్తనూ లేను. రెక్క విరిగిన కోడిలా చెయ్యి కొంచెం ఎడంగా పెట్టుకుని నడిచేదాన్ని. పడుకుంటే చెయ్యి కింద దిండు పెట్టుకోవాలి. పగిలిన రోజు నొప్పి తగ్గేది కానీ వాసన మొదలయ్యేది. సున్నం బెల్లం కలిపి పెట్టాను, ఉల్లిగడ్డ కాల్చి కట్టాను, వీధిలో సూదులేసే ఆయన దగ్గర రెండు సార్లు కోయించుకున్నాను. కోసిన చోటే మళ్లీ లేచింది. ఉక్కగా ఉందని ఒక వేసవిలో మా ఆయన తన మంచం బయట వేసుకున్నాడు. చలికాలం వచ్చినా లోపలికి తెచ్చుకోలేదు.

రెండేళ్ల కిందట, దసరా సెలవులకు ముందు, అన్నం గుండిగ దించుతుంటే ఎడమ చంకలో గడ్డ పగిలి రవికె అంతా తడిసింది. మస్తాన్‌బీ చూసింది.

"ఏందిది సుగుణా? నెత్తురు గదా!"

"సెగ్గడ్డక్కా. ఊకే లేస్తాంటాది."

"ఊకే లేసేదానికి సెగ్గడ్డంటారా? నువ్వు వంటకొచ్చిన కాడి నుంచి చూస్తాండా, ఆ చెయ్యి ఎప్పుడూ ఎడంగానే ఉంటాది. నంద్యాలకి పో. తోలు డాక్టరమ్మ ఉందంట ఆడ. వంట నేను చూసుకుంటా."

సెలవుల్లో బస్సెక్కి నంద్యాల పోయాను. మేడ మీద ఆసుపత్రి. గోడల నిండా తెల్లటి మొహాల బొమ్మలు. కూర్చున్నవాళ్లంతా వయసు పిల్లలు, మొటిమలకు వచ్చినవాళ్లు. నేను తప్పు చోటికి వచ్చానేమో అనుకున్నాను. లేచి పోదామనుకునేసరికి పేరు పిలిచారు.

డాక్టరమ్మ చెయ్యెత్తమంది. ముక్కు పక్కకు తిప్పుకోలేదు. దగ్గరికి వంగి చూసింది. నాకు మొదట నచ్చింది అదే.

"ఎన్నేళ్ల నుంచమ్మా?"

చెప్పాను. ఆమె తల ఊపి, ఇది మురికి వల్ల వచ్చేది కాదంది. చంకలో వెంట్రుకల మొదళ్ల దగ్గర వాపు పుట్టి, లోపల్లోపలే పగిలి, చర్మం కింద దారులు చేసుకుంటుందట. ఎవరికీ అంటుకోదంది. ఆ అంటుకోదన్న మాట మాత్రం నేను మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నాను. జబ్బు పేరు కూడా చెప్పింది గానీ నాకు ఇప్పటికీ నోరు తిరగదు.

తర్వాత వైద్యం చెప్పింది. మాత్రలు మంటను ఆర్పుతాయి. ఆరాక లేజరుతో వెంట్రుక మొదళ్లను కాల్చేయాలి. చీముతో ఎర్రగా ఉన్నప్పుడు చేయదు, ఆరి ఉన్నప్పుడే చేస్తుంది. నెలకు ఒకటి చొప్పున ఆరు సిట్టింగులు. ఒక్కొక్కటి నాలుగు వేలు.

"చేయించుకోకపోతే?" అన్నాను.

"మళ్లీ లేస్తాయి. లోపలి దారులన్నీ కలిసిపోతే కోసి ఆ చర్మమంతా తీసేయాల్సి వస్తుంది. మానడానికి నెలలు పడుతుంది. తర్వాత చెయ్యి ఇంతకుముందులా లేవకపోవచ్చు."

నేను చేతులతో బతికేదాన్ని. బడిలో నెలంతా వండితే నాకు వచ్చేది ఆ నాలుగు వేలు కూడా కాదు, అదీ నెలనెలా రాదు. కిందికి వచ్చి డబ్బులు కట్టే చోట ఉన్న ఆమెకు మా ఆరోగ్య కార్డు చూపించాను.

"లేజరు అందం కిందికి వస్తుందక్కా. దీనికి కార్డు చెల్లదు."

"అందమా? చూపించనా?" అని చెయ్యి ఎత్తబోయాను.

ఆమె నవ్వేసి, మళ్లీ నవ్వినందుకు నొచ్చుకుంది. నీళ్ల సీసా ఇచ్చింది. ఆరింటికీ ఒకేసారి కట్టమని ఎవరైనా అంటే కట్టొద్దని, ఎప్పటిది అప్పుడే కట్టుకోవచ్చని మెల్లగా చెప్పింది. ఈ మాట ఆ రోజు చాలా పనికొచ్చింది. మీకూ పనికొస్తుంది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను.

"నాలుగు వేలా? వెంట్రుకలు తీసేదానికా? నా బ్లేడు ఐదు రూపాయలే."

"బ్లేడు తీసేది పైనప్పా. ఇది లోపల తీస్తాది."

"లోపల ఏముందో ఆయమ్మ చూసిందా?"

"చూసింది. నువ్వే చూడలేదు."

ఆయన తాపీ తీసుకుని కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాడు. అప్పటికే కడిగిన తాపీ అది.

మాత్రలు క్రిస్మస్ దాకా మింగాను. కడుపులో తిప్పేది, ఎండలో నిలబడితే మొహం మండేది, అయినా గడ్డలు ఆరుతూ వచ్చాయి. క్రిస్మస్ నాటికి రెండు చంకలూ పొడిగా ఉన్నాయి. పదకొండేళ్లలో మొదటిసారి కొత్త చీర మీదికి కొత్త రవికె వేసుకున్నాను.

ఇక్కడ మా గుడి, అంటే మా చర్చి, సంగతి చెప్పాలి. మా గుడిలో స్త్రీల సమాజం ఉంది. ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన. మేం అన్నానికి ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. అది దేవుని బియ్యం. ఇంటింటి బియ్యమూ గుడికి చేరుతుంది, కోత పండుగ నాడు మిగతా పంటతో పాటు వేలం వేస్తాం. వచ్చిన డబ్బు ఆ ఏడాది సమాజంలో ఎవరు కష్టంలో ఉంటే వాళ్లకు ఇస్తాం. ఒకసారి ఇల్లు కాలినామెకు ఇచ్చాం, ఒకసారి కాన్పు కష్టమైన పిల్లకు ఇచ్చాం. క్రిస్మస్ అయిన వారానికి పాస్టరు అయ్యగారి భార్య, మేం అమ్మగారు అంటాం, నన్ను పక్కకు పిలిచింది.

"ఈ ఏడు పిడికెడు బియ్యం డబ్బు నీ వైద్యానికేనమ్మా. అందరం అనుకున్నాం."

ఒంట్లో గడ్డలని మాత్రమే ఆమెకు తెలుసు. ఎక్కడో తెలియదు.

మా అత్త ఆ పదకొండేళ్లూ నా పేరు మీద శుక్రవారాలు పస్తు ఉంది. మోకాళ్లు అరిగి కూర్చోలేని మనిషి, నా కోసం మోకరించేది. ఆమెను తప్పుగా అనుకోవద్దు. కొత్త సంవత్సరం మొదటి శుక్రవారం సాక్ష్యాల సమయంలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే వేళ, ఆమె గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"నా కోడలికి పదకొండేండ్ల రోగం. డాక్టర్లు కోసేస్తామన్నారు, వేలకు వేలు అడిగినారు. దేవుడు అదేమీ లేకుండానే ఆర్పేసినాడు. నా కోడలు స్వస్థమైంది!"

అందరూ స్తోత్రం అన్నారు, చప్పట్లు కొట్టారు. ఆమె కృతజ్ఞతగా పెట్టకోడిని ఇచ్చింది. నేనూ చప్పట్లు కొట్టాను. మాత్రలు మింగింది నిజం, ప్రార్థన చేసింది నిజం. ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పే చదువు నాకు లేదు. ఒకటి మాత్రం ఆ చప్పట్లలోనే తెలిసింది. ఆరి ఉన్నప్పుడే లేజరుకు రమ్మని డాక్టరమ్మ చెప్పింది. ఆరింది కాబట్టే ఇంక నాకు జబ్బు లేదని గుడి అంతా అనుకుంది.

ఇంటికొచ్చాక అడిగాను.

"అత్తా, ఇంగా అయిపోలేదు. ఇప్పుడే లేజరు చేపించాలంట."

"నయమైనదానికి వైద్యమేందిమే? దేవుడు చేసిన పని నువ్వు మళ్ల సరిచూసుకుంటావా?"

"ఇది ఆరింది. నయం కాలేదు."

"రెండింటికీ తేడా ఏంది?"

తేడా చెప్పినా ఏం చేస్తుంది? సాక్ష్యం చెప్పాక దాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి మా దగ్గర లేదు. అది చెప్పిన మనిషి మీద మచ్చ, విన్న దేవుడి మీద మచ్చ.

కోత పండుగ వచ్చింది. జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్లు, మా పిడికెడు బియ్యం అన్నీ వేలం వేశారు. చివర అమ్మగారు చెప్పింది. మన సుగుణమ్మను దేవుడు బాగు చేశాడు కాబట్టి ఈ ఏడు బియ్యం డబ్బుతో గుడికి ఫ్యాన్లు కొందాం అని. మాది రేకుల గుడి. ఏప్రిల్ వస్తే లోపల కూర్చోవడం పెనం మీద కూర్చోవడమే. అందరికన్నా నాకే చెమట ఎక్కువ చేటు. నేనూ తల ఊపాను.

మా ఆయన తను పని చేస్తున్న మేస్త్రీ దగ్గర ముందుగానే కూలి తెచ్చి నా చేతిలో పెట్టాడు. శ్రమల దినాలు, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాలు, మొదలైన వారంలో మొదటి సిట్టింగుకు పోయాను. ముందు రోజు ఇంట్లోనే వెంట్రుకలు గీసుకుని రావాలని చెప్పారు. మా ఆయన రేజరు తీసుకుని పెరట్లో తడిక చాటున కూర్చున్నాను. అత్త చెంబు కోసం వచ్చి చూసింది.

"ఏందిమే అది?"

"డాక్టరమ్మ గీసుకొని రమ్మనింది."

"ఈ వయసులో షోకులా? అదీ శ్రమల దినాల్లో! పూలు గూడ పెట్టుకోకుండా ఉంటామే!"

"షోకు కాదత్తా."

"నంద్యాలలో ఆ బొమ్మల ఆసుపత్రి నాకు తెలీదా? అది మొగాలు తెల్లగా చేసే తావు."

అత్త ఎవరితో అందో గానీ రెండు రోజుల్లో కొళాయి దగ్గరికి చేరింది. అక్కడ బిందెలు పట్టుకున్నవాళ్లు నన్ను చూసి నవ్వారు.

"సుగుణక్కా, నంద్యాలలో నున్నగా చేస్తారంట గదా? మాకూ చెప్పు."

"నాలుగు వేలు తీసుకొని రా. చెప్తా."

ఆసుపత్రిలో నా పక్కన పాణ్యం నుంచి వచ్చిన అమ్మాయి కూర్చుంది. పెళ్లి కుదిరింది, గడ్డం కింద వెంట్రుకలకు వచ్చింది. మీ ఇంట్లో పెళ్లా ఆంటీ అని అడిగింది. కాదమ్మా, నాకే అన్నాను. ఆ పిల్ల నా గడ్డం వంక చూసింది. కాసేపటికి నేనే చెప్పాను, ఎందుకో చెప్పాలనిపించింది. ఆళ్లగడ్డ బస్సు దొరకదేమోనని తన వంతు నాకు ఇచ్చి తను వెనక కూర్చుంది.

లోపల కళ్లకు నల్ల అద్దాలు పెట్టారు. చల్లటి జిగురు ఏదో రాశారు. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు ఉంటుందని చెప్పారు. నాకైతే పోపులోంచి ఆవాలు ఎగిరి మీద పడినట్టు అనిపించింది. వరసపెట్టి పడ్డాయి. కోడిని మంట మీద కాల్చినప్పుడు వచ్చే వాసన వచ్చింది. అది నా మీది నుంచే వస్తోందని తెలిసి నవ్వొచ్చింది. అప్పడాలు వేయించేంత సేపు కూడా పట్టలేదు. మా ఆయన గోడ మీద నిలబడి సంపాదించింది ఇంత సేపట్లో అయిపోయిందా అని పడుకునే లెక్క వేసుకున్నాను.

రెండో నెల పోలేదు. మేస్త్రీ, స్లాబు పడితేనే మళ్లీ డబ్బు అన్నాడు. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, వస్తానని చెప్పాను. ఇంకోసారి వచ్చింది, ఎత్తలేదు.

మట్టల ఆదివారం నాటికి ఎడమ వైపు ఒకటి లేచింది. ఆ రోజు అందరం ఈత మట్టలు పట్టుకుని, పాటలు పాడుకుంటూ, వీధుల్లో ఊరేగింపుగా గుడికి పోతాం. మట్ట తల పైకి ఎత్తి ఊపాలి. నేను నడుం దగ్గర పట్టుకుని నడిచాను.

"సుగుణమ్మా, మట్ట పైకెత్తమ్మా. ఊడ్చడానికి పోతున్నట్టుంది," అంది అమ్మగారు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను కుడి చేత్తో ఎత్తాను. నా వెనకే నడుస్తున్న మా అత్త నవ్వలేదు. రవికె ఎడమ పక్క తడి ఆమెకు కనిపించి ఉంటుంది. ఇంటికొచ్చాక నీళ్లు కాచి నా ముందు పెట్టింది. మెత్తబడిన తన పాత తెల్ల చీర చించి, గుడ్డలు మడిచి పక్కన పెట్టింది. ఆ పూట అన్నం తినలేదు. ఎందుకని మా ఆయన అడిగితే ఆకలి లేదంది.

ఈస్టర్ అయిన వారంలో బడిలో పప్పు గుండిగ దించలేక వదిలేశాను. మస్తాన్‌బీ ఒడుపుగా పట్టుకోకపోతే పప్పంతా కాళ్ల మీద పడేది. ఆమె నన్ను బియ్యం మూట మీద కూర్చోబెట్టింది.

"ఎన్ని తడవలు పోయినావ్ నంద్యాలకి?"

"ఒక్క తడవ."

"ఆరు గదా?"

"దుడ్లు యాడివక్కా? గుళ్లో నా కోసం అనుకున్న దుడ్లు ఉండాయి గానీ, వాటికి ఫ్యాన్లు తెస్తాండారు. ఈ శుక్రవారం ఫ్యాన్ల కొట్టుకి ఇచ్చేస్తారు."

"మరి నీకింగా నయం కాలేదని చెప్పరాదా?"

"మా అత్త సాక్ష్యం చెప్పేసింది, నయమైందని."

"సాక్ష్యమంటే? కోర్టులో చెప్తారే, అదా?"

"అట్లాంటిదే."

"అట్లయితే జడ్జి తావ నిజం చెప్పు. మీ జడ్జికి ఎట్లయినా తెలిసే ఉంటాది. తెలీనిది మీ ఆడోళ్లకే."

చీము తుడుస్తూనే ఇద్దరం నవ్వుకున్నాం. మరుసటి రోజు ఆమె నా రవికెలు రెండు తీసుకుపోయి, చంక దగ్గర పాత నూలు గుడ్డ ముక్కలు వేసి వదులు చేసి తెచ్చింది. కూలి ఇస్తానంటే తిట్టింది.

గురువారం సాయంత్రం అత్తకు చెప్పాను. చెప్పకుండా గుళ్లో నిలబడటం నాకు ఇష్టం లేదు.

"అత్తా, రేపు నేను లేచి చెప్తా. ఇంగా నయం కాలేదని."

ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగింది.

"నన్ను అబద్ధాలదాన్ని చేస్తావా, ఈ వయసులో?"

"చెయ్యనత్తా. నీ మాట తప్పని చెప్పను."

"ఎట్ల చెప్పినా అదే అయితాది. ఇంగ నేను ఆ గుళ్లో ఎవరి కోసం ప్రార్థన చేస్తా? ఎవరు చేయమంటారు నన్ను?"

ఊళ్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా మొదట మా ఇంటికి వస్తారు, సారమ్మవ్వా ప్రార్థన చెయ్యి అని. ఆమెకు ఉన్నది అదొక్కటే. నాకు ఉన్నవి రెండు చేతులు. ఆ మాట పైకి అనలేదు. అంటే రెండూ తక్కెట్లో పెట్టినట్టు ఉంటుంది. మర్నాడు ఆమె నాకన్నా ముందే ఒక్కతే గుడికి పోయింది.

గుళ్లో ఎండ రేకుల మీది నుంచి దిగుతోంది. అందరూ కొంగులతో, పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు. కరెంటు సామాన్ల కొట్టులో రేటు కనుక్కుని వచ్చారు, నాలుగు ఫ్యాన్లు. అమ్మగారు సాక్ష్యాలున్నాయా అని అడిగింది. నేను లేచాను.

"మా అత్త ఆ పొద్దు చెప్పింది అబద్ధం కాదు. ఆ పొద్దు ఆరింది. ఆరిన కాడికి చెప్పింది. మళ్ల లేసింది. నా గడ్డలు చంకల్లో. సిగ్గుతో యాడా చెప్పలేదు. నంద్యాలకి నేను పోయింది అందానికి కాదు. ఆ వెంట్రుకల మొదళ్లు కాలిస్తేనే ఆగుతాయంట. ఆరు తడవలు పోవాలంట, ఒక్క తడవ పోయినా. ఆలస్యమైతే కోసి తోలు తీయాలంట. ఫ్యాన్ల దుడ్లు నాకియ్యండని అడుగుతాండా."

సాక్ష్యం ఎవరు చెప్పినా చివర స్తోత్రం అనడం అలవాటు. నయం కాలేదన్న దానికి స్తోత్రం అనవచ్చో లేదో ఎవరికీ తెలియలేదు. అమ్మగారు కూడా చేతిలో పుస్తకం వైపు చూసింది. విసురుకోవడం కూడా ఆపేశారు. నేను కూర్చోవాలో నిలబడాలో తెలియక నిలబడ్డాను.

"స్తోత్రం," అని వెనక గోడ దగ్గర నుంచి వినిపించింది.

మా అత్త గొంతు. మెల్లగా అనలేదు. పక్క వీధికి వినిపించేట్టు, ఆమె ఎప్పుడూ ఎలా అంటుందో అలాగే అంది. తర్వాత ఒకరూ ఇద్దరూ, ఆపైన అందరూ అన్నారు.

అక్కడితో అయిపోలేదు. అసలు మాటలు అప్పుడే మొదలయ్యాయి.

"చంకలకి నాలుగు వేలా, తడవకి! నేను పుట్టినాక వినలేదు."

"నువ్వు వినకపోతే రోగం రాకుండా పోతాదా?"

"మరి ఎండకి మనం సచ్చిపోవాల్నా? రేటు గూడ మాట్లాడొచ్చినాం."

"నాలుగు ఫ్యాన్లు యాలా? మగోళ్ల దిక్కు రెండు తీసేయండి. అయ్యగారు వాక్యం ఎత్తుకుంటానే నిద్రపోయేటోళ్లు, గాలి తగిలితే ఇంగ లేస్తారా?"

అమ్మగారికి కూడా నవ్వు ఆగలేదు. ఆడవాళ్ల వైపు ఒక ఫ్యాను కొని, మిగిలింది నాకు ఇవ్వాలని తేలింది. మగవాళ్లు ఆ ఏడాది విసనకర్రలు తెచ్చుకున్నారు.

ఇంటికి పోయేటప్పుడు అత్త నా పక్కనే నడిచింది. కొళాయి దాటాక కోపంగానే అంది.

"ఇంగోసారి నయమైతే మటుకు నాతో చెప్పొద్దు. నా నోరు ఊరుకోదు."

మళ్లీ మాత్రలు మింగి ఆరబెట్టుకుని, వానాకాలంలో మొదలుపెట్టాను. గుడి డబ్బు మూడు సిట్టింగులకు వచ్చింది. స్లాబు పడ్డాక మిగిలినవి మా ఆయన కట్టాడు. ఒక నెల తనే నాతో నంద్యాల వచ్చి, ఆ తెల్ల మొహాల బొమ్మల కింద, సిమెంటు కాళ్లతో, కూర్చోవడానికి మొహమాటపడుతూ నిలబడ్డాడు. మూడోది అయ్యాక కొత్త గడ్డలు లేవడం తగ్గింది. ఐదోది అయ్యేసరికి చంకలో వెంట్రుకలు అక్కడొకటి ఇక్కడొకటి మిగిలాయి. పాత గడ్డల గుంటలు, తాడు ముడుల్లాంటి మచ్చలు అలాగే ఉన్నాయి, అవి పోవట. ఎడమ చెయ్యి కాస్త పట్టేసినట్టు ఉంటుంది, గుండిగ మాత్రం ఎత్తగలుగుతున్నాను. ఈ లేజరు అందరికీ ఇలాగే పని చేస్తుందని నేను చెప్పలేను. డాక్టరమ్మ కూడా అలా చెప్పలేదు. నా మాదిరి పదకొండేళ్లు కూర్చోవద్దని మాత్రం చెప్పగలను. మొదట్లోనే పోయి ఉంటే మాత్రలతోనే సరిపోయేదేమో. చంకలో గడ్డ పదే పదే ఒకే చోట లేస్తుంటే సున్నం బెల్లం పక్కన పెట్టి పోయి చూపించుకోండి. కార్డు చెల్లదంటే చెల్లదు, డబ్బు మాత్రం ఎవరినో ఒకరిని నోరు తెరిచి అడగండి. అడిగేటప్పుడు చోటు పేరు కూడా చెప్పండి. సగం చెబితే సగమే అర్థమవుతుంది.

మొన్న ఆరోది అయ్యాక డాక్టరమ్మ రెండు చేతులూ ఎత్తించి, వేళ్లతో నొక్కి చూసి, ఇంక రానక్కర్లేదమ్మా అంది. మళ్లీ ఏదైనా లేస్తే ఒక్క రోజు ఆగకుండా రమ్మంది. బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి అత్త వాకిట్లో కూర్చుని ఉంది.

"ఏమనిందిమే డాక్టరమ్మ?"

"ఎండలో తిరగొద్దనింది అత్తా," అన్నాను.

మస్తాన్‌బీకి చెప్పాను, మా ఆయనకు చెప్పాను. అత్తకు ఇంకా చెప్పలేదు.